బేజ్‌కు జోడీ కుదర్చడం ఎలా?

బేజ్ అంత గొప్ప రంగు ఈ లోకంలో ఇంకొకటి లేదు. కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, వాదానికి నేను సిద్ధం. కుర్చీ మాత్రం మీరే తెచ్చుకోండి. నావి అరిగిపోయిన మోకాళ్ళు, నిలబడి వాదించలేను.

బేజ్ అంటే ఏమిటో తెలియని అమాయకులు ఇంకా మిగిలి ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. అది తెలుపు కాదు. పసుపు కాదు. గోధుమ రంగా అంటే పూర్తిగా అదీ కాదు. పాలు ఎక్కువైన టీని నేల మీద ఒలకబోసి, సగం తుడిచి, మిగతా సగం ఎవరో ఒకరు తుడుస్తారులే అని వదిలేస్తే కనబడేదే బేజ్. తమిళనాట మా రాజపాళయం వాళ్ళకైతే ఇంత వర్ణన అక్కర్లేదు. మగ్గం మీంచి దిగిన కోరా గుడ్డను చూపిస్తే చాలు. మా ఊరు తరతరాలుగా ఈ రంగును బేళ్ళకొద్దీ పుట్టించింది. పుట్టించి ఊరుకుందా? తొట్లలో మందు పోసి ఉడకబెట్టి, ఆ రంగునంతా పోగొట్టి, తెల్లటి కట్టుగుడ్డగా చుట్టి ఆస్పత్రులకు పంపింది. ఎంత అజ్ఞానం! ఉడకబెట్టకుండా అలాగే పెళ్ళి మండపాలకు పంపి ఉంటే ఈపాటికి లోకానికి ఫ్యాషన్ నేర్పేది మేమే.

నాకూ ఈ జ్ఞానం ఆలస్యంగానే కలిగింది. అదీ నా మనవరాలి పెళ్ళి పుణ్యమా అని.

మనవరాలి పేరు జనని. నా కొడుకు రఘురామ పెద్ద కూతురు. కోడలు బడిలో టీచరు, పొద్దున్నే తళవాయిపురం బస్సెక్కి వెళ్ళేది కాబట్టి ఆ పిల్ల పెరిగింది నా ఒళ్ళోనే. సెనగపిండీ పసుపూ కలిపి నలుగు పెట్టి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది నేనే. అటువంటి పిల్లకు పెళ్ళిలో నలుగు పెట్టడానికి మాత్రం నేను పనికిరాను. దానికి ముత్తైదువలు కావాలి. నా మొగుడు పోయి చాలా కాలమైంది. స్నానాల గదిలో చెల్లిన చెయ్యి పెళ్ళిపందిట్లో చెల్లదు. వెళ్ళిపోయే ముందు ఆ చెంపకు నలుగు పేరుతో ఒక్కసారి నా చెయ్యి తగలాలి. ఉన్నది ఆ ఒక్క ఆశే. దానికీ బేజ్‌కూ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. తొందరపడకండి.

పెళ్ళికి ఒక డిజైనర్‌ను పెట్టారు. పేరు అభినయ. మా ఊరి పిల్లే, చెన్నైలో చదువుకుని వచ్చింది. మా హాల్లో కూర్చుని రంగు కాగితాల కట్టను విసనకర్రలా విప్పి, పెళ్ళికి ఒక థీమ్ ఉండాలనీ, ఆ థీమ్ బేజ్ అనీ ప్రకటించింది. ఇసుక బేజ్, ఓట్స్ బేజ్, బిస్కెట్ బేజ్, పుట్టగొడుగు బేజ్. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను, తీసేసి చూశాను. కాగితం ఒకటే, పేర్లే వేరు.

అప్పుడు ఆ పిల్ల నాకు అండర్‌టోన్ సంగతి బోధించింది. ప్రతి బేజ్ అడుగునా ఇంకో రంగు దాక్కుని ఉంటుందట. కొన్నింటి అడుగున గులాబీ, కొన్నింటి అడుగున పసుపు, కొన్నింటి అడుగున బూడిద. పైకి ఏమీ తెలియదు. పక్కన సరిపడని రంగును పెట్టిన క్షణం అడుగున ఉన్నది బయటపడుతుందట. మనుషుల్లో ఈ జబ్బు ఉందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రంగులకు కూడా అంటుకుందని ఆ రోజే తెలిసింది.

నేను ఏదైనా ఒకటి విన్నానంటే చదివి తేల్చుకునేదాకా నిద్రపట్టని మనిషిని. బడిలో చదివింది తమిళం, అదీ ఐదో తరగతి వరకు. తెలుగు అక్షరాలు పాత పంచాంగం ముందు పెట్టుకుని నాకు నేనే దిద్దుకున్నాను. కాబట్టి బేజ్‌కు ఏ రంగులు జోడీ కుదురుతాయో ఫోన్‌లో వెతికి వెతికి చదివాను. మీకు ఆ శ్రమ లేకుండా ఇక్కడ చెప్పేస్తాను. టెర్రకోట బాగా కుదురుతుంది. అంటే మా పాత ఇంటి పెంకు. సేజ్ గ్రీన్ కుదురుతుంది. అంటే ఫ్రిజ్‌లో మరిచిపోయిన కరివేపాకు. నేవీ బ్లూ అంటే బడిపిల్ల యూనిఫాం. డస్టీ రోజ్ అని ఒకటుంది. గులాబీ చీరను ఏడాదిపాటు ఉతికి మిద్దె మీద ఎండలో ఆరేస్తే మిగిలే రంగు అది. అది కావలసినవాళ్ళు మా ఇంటికి రండి, పెట్టె నిండా ఉంది.

ఇంకో సంగతి కూడా చదివాను. బేజ్ ఏ రంగుతోనైనా సర్దుకుపోతుందట. ఎవరి పక్కన నిలబెడితే వాళ్ళను వెలిగించి తాను వెనక్కి జరుగుతుందట. తన గొంతు వినిపించదట. చదువుతున్నంతసేపూ ఈమెవరో బాగా తెలిసిన మనిషిలా ఉందే అనిపించింది.

ఇక పెళ్ళి పనుల్లో బేజ్ చేసిన మేలు వినండి.

మొదట బంతిపూలు పోయాయి. మండపానికి బంతిపూలు కట్టేవాళ్ళు మా వీధికే వచ్చి అడిగితే జనని వద్దని పంపేసింది. వాటికి బదులు ఎండిన రెల్లు గడ్డి తెప్పించారు. మా పొలం గట్టు మీద కోసి పారేసే గడ్డిని అట్టపెట్టెలో పెట్టి, లోపల మెత్తటి కాగితాలు పేర్చి, విరగకుండా చూడండి అని పైన రాసి పంపారు. బంతిపూలైతే సాయంత్రానికి వాడిపోతాయి. గడ్డికి ఆ బాధ లేదు, వచ్చేటప్పుడే వాడిపోయి వస్తుంది. ఎంత నిశ్చింత!

తరువాత కుక్క. మా ఊరి వేటకుక్క పేరు వినని వాళ్ళుండరు. పాల నురుగులాంటి ఒళ్ళు, గులాబీ ముక్కు. పెళ్ళివాళ్ళు దాన్ని పక్కన పెట్టుకుని ఒక ఫొటో తీయించుకుంటే అందంగా ఉంటుందని రఘురామ ఆశపడ్డాడు. అభినయ కుక్కను చూసి తల అడ్డంగా ఊపింది. మరీ తెలుపట, ఫ్రేమ్‌లో కళ్ళకు కొడుతుందట. టీ డికాక్షన్‌లో ముంచుదామా అని నేను నిజంగానే అడిగాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించిన మాట వాస్తవం.

మా ఊరికి పడమట కొండలున్నాయి. వాటిని ఎవరూ పిలవలేదు, ఊరు పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నాయి. వానలు పడి బాగా పచ్చబడి ఉండేసరికి మండపం కిటికీలోంచి కనబడి థీమ్‌ను పాడుచేస్తున్నాయని తేలింది. కిటికీకి తెర వేశారు. ఏ రంగు తెరో చెప్పాలా?

అరిటాకు దగ్గర మాత్రం కాస్త గొడవైంది. ఆకు పచ్చదనం బేజ్ బల్లగుడ్డ మీద మరీ కేకపెడుతోందని అభినయ బాధ. ఆకు అడుగు భాగం కొంచెం పాలిపోయి ఉంటుంది కదా, తిరగేసి వేస్తే కుదరదా అని అడిగింది. వంట మనిషి వేలమ్మాళ్ చేతిలో గరిటె జారి సాంబారులో పడింది. తిరగేసిన ఆకు మా పక్క చావింట్లోనే వేస్తారని ఆ పిల్లకు ఎవరో చెవిలో చెప్పాక ఆకులు మళ్ళీ వెల్లకిలా పడుకున్నాయి. కానీ భోజనానికి కూర్చున్నవాళ్ళను చూడాలి! అందరి ఒంటి మీదా బేజ్ పట్టు. రసం పోసేవాడు వస్తుంటే ఒక్కొక్కరు ఆకును కాపలా కాస్తున్నట్టు రెండు చేతులూ అడ్డం పెట్టారు. అందరూ పెరుగన్నం దగ్గరికి ఒకేసారి చేరుకున్నారు. ఒక పెళ్ళిలో ఇంత క్రమశిక్షణ నేను ఎప్పుడూ చూడలేదు.

ఇవన్నీ చిన్న లాభాలు. పెద్ద లాభం ఒకటుంది.

ఎవరైనా సంచీ భుజాన వేసుకుంటే చాలు, మళ్ళీ ఎప్పుడొస్తారని అడుగుతాను. కూరగాయలమ్మి బుట్ట ఎత్తుకుని లేచినా అంతే. టౌన్ బస్సు దిగినప్పుడు మా వాళ్ళందరూ దిగారా అని తలలు చూసుకుంటాను, ఒక్కదాన్నే వెళ్ళిన రోజు కూడా. స్టేషన్‌లో రైలు కదిలాక ఎవరెవరి చేతులు ఊగాయో, ఎవరివి తిరిగి వచ్చాక కూడా ఊగుతూ కనబడ్డాయో, అవన్నీ నాకు గుర్తే. పిల్లను అత్తవారింటికి పంపడం గురించి ఎప్పుడు తలచుకున్నా నాకు కనబడేది ఎర్రచీరే. ఎర్రచీర కట్టుకున్నవాళ్ళు వీధి చివరిదాకా కనబడతారు. కారు అద్దంలోంచి కనబడతారు. మలుపు తిరిగాక కూడా కాసేపు గోడల మీద కనబడతారు. బేజ్‌కు ఆ పొగరు లేదు. దుమ్ములో దుమ్ముగా రెండో ఇంటి దగ్గరే కరిగిపోతుంది. చూసేవాళ్ళకు ఎంత సులువు! సాగనంపే చీరలకు బేజ్ తప్ప వేరే రంగు అమ్మకూడదని చట్టం తేవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరందరూ బేజ్‌కు కొత్త. నేను పాత కాపును.

నా మొగుడు పోయేనాటికి రఘురామ ఇంకా పలక పట్టలేదు. ఆ నెలలోనే నా పెట్టెలోంచి ఎరుపూ, చిలకాకుపచ్చా, నెమలికంఠం రంగూ ఒక్కొక్కటీ వదినల ఇళ్ళకూ మరదళ్ళ ఇళ్ళకూ నడిచి వెళ్ళిపోయాయి. నాకు వెలిసినవీ, గంజి రంగువీ మిగిల్చారు. దాన్ని న్యూట్రల్ పాలెట్ అంటారని అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకొంచెం గర్వంగా కట్టుకునేదాన్ని కదా! ఆ చీరలో నేను పెళ్ళికి వెళితే జనం ఎంత దారి ఇచ్చేవాళ్ళనుకున్నారు! ఎదురుపడకుండా అటూ ఇటూ తప్పుకునేవాళ్ళు. ఆ మర్యాద భరించలేక నేనే వంటశాల వైపు వెళ్ళిపోయేదాన్ని. మా చుట్టాల్లో నేను కొబ్బరి తురమని పెళ్ళి లేదు.

అటువంటి నాకు వాట్సాప్‌లో ఆహ్వానం వచ్చింది. అందరూ బేజ్ కట్టుకుని రావాలి అని. అందరూ! నా కళ్ళను నేను నమ్మలేదు. ఒక మనిషిని గుర్తుపట్టి పక్కన పెట్టడానికి వాడిన రంగును ఊరంతా పట్టులో నేయించుకుని కట్టుకుంటోంది. ఇంక ఎవరు ఎవరిని పక్కన పెడతారు? ఎలా గుర్తుపడతారు? ఎన్నో సభలూ ఉపన్యాసాలూ చేయలేని పనిని ఒక కెమెరా కోసం ఈ బేజ్ చేసేసింది. వరం అంటే ఇది కాదూ?

నా ఆడబిడ్డ సుబ్బమ్మాళ్ సంగతి చెప్పాలి. మా ఇంటి శుభకార్యాల్లో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏది ముందో ఏది తరువాతో చెప్పేది ఆమే. అరక్కు రంగు, అంటే లక్క ఎరుపు పట్టు తప్ప ఒంటికి వేరే తగలనివ్వని మనిషి. ఆమె కూడా బేజ్ కట్టుకుని మా ఇంటి అద్దం ముందు నిలబడి, జ్వరం వచ్చి లేచినట్టు ఉన్నాను అని దిగులుపడింది. నేను ఓదార్చాను.

"రెండు దినాలు కట్టితే అలవాటైపోతుంది సుబ్బూ. నాకు కాలేదా?"

"నీ నోటికి ఒక తాళం కావాలి వదినా" అని ఆమె నవ్వేసింది. మంచి మనిషే. ఆమె మంచితనం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇంతలో నలుగు దగ్గర పేచీ వచ్చింది. ఇప్పుడు దాన్ని హల్దీ ఫంక్షన్ అంటున్నారు. పసుపు వద్దని అభినయ తేల్చిచెప్పింది. పసుపు కెమెరాలో కళ్ళు పొడుస్తుందట. బేజ్ దిండ్లకు అంటితే వదలదట. దానికి బదులు గంధం, ముల్తానీ మట్టి, బాదం పొడి కలిపి ఒక ముద్ద చేస్తే థీమ్‌కు తగినట్టు ఉంటుందట. పెళ్ళికొడుకు శ్రీధర్ ఇంటినుంచి ఫోన్ వచ్చింది, పసుపు లేని నలుగు ఎక్కడైనా ఉందా అని. జనని ఫోన్ తీసుకుని అత్తగారితోనే వాదించింది. వాళ్ళ బంధువులతో వాదించింది. సుబ్బమ్మాళ్ మూతి ముడుచుకుంటే ఆమె పక్కన కూర్చుని గడ్డం పట్టుకుని ఒప్పించింది. నా మనవరాలి వాదన చూస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. చివరికి గంధం మంగళకరమే కదా అని అందరూ సర్దుకున్నారు. పసుపు ఓడిపోయింది. ముద్ద గెలిచింది.

ఈ ఒప్పందమంతా జరుగుతున్నప్పుడు నేను వంటింటి గుమ్మంలో కొబ్బరి తురుముతున్నాను. తురుముతూ తురుముతూ చెయ్యి ఆపాను.

నన్ను పసుపు ముట్టవద్దన్నారు. సరే. కుంకం ముట్టవద్దన్నారు. అదీ సరే. ముల్తానీ మట్టి ముట్టవద్దని ఏ పెద్దలు చెప్పారు? ఆ పెద్దల కాలంలో ముల్తానీ మట్టి మా ఊరికి వచ్చిందా? బాదం పొడికి ఏమైనా శాస్త్రం ఉందా? పసుపే లేనప్పుడు అది నలుగు ఎలా అవుతుంది? అది ఒక ఫేస్ ప్యాక్. మనవరాలికి అవ్వ ఫేస్ ప్యాక్ వేయకూడదని ఎక్కడా రాయలేదు. పెద్ద పెద్ద వకీళ్ళకు తట్టని పాయింటు తురుము పీట మీద కూర్చున్న నాకు తట్టింది. ఆ క్షణం నుంచే నేను బేజ్ భక్తురాలిని అయ్యాను.

నలుగు నాడు మండపానికి అందరికంటే ముందు వెళ్ళాను. బేజ్ సోఫా మీద బేజ్ చీరలో జనని. చుట్టూ బేజ్ జనం. నేను ఆ జనంలో నిలబడితే నన్ను నేనే వెతుక్కోవాలి, అంత బాగా కలిసిపోయాను. ఒక్కొక్క ముత్తైదువా వచ్చి గిన్నెలో వేళ్ళు ముంచి, జనని రెండు చెంపలకూ పూసి, నవ్వి, ఫొటోకు నిలబడి వెళుతోంది. గిన్నె పట్టుకున్నది జనని చెల్లెలు శరణ్య. నేను నిదానంగా వరసలో ముందుకు జరిగాను. ఎవరూ తప్పుకోలేదు. ఎవరూ తిరిగి చూడలేదు. నా వంతు వచ్చింది. గిన్నెలో మూడు వేళ్ళు ముంచాను.

మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. గట్టిగా కాదు. చాలా మెత్తగా.

"వదినా, నువ్వు రేపు అక్షింతలు వేద్దువుగాని. దీనికి వద్దు" అంది సుబ్బమ్మాళ్.

"ఇది పసుపు కాదు కదా సుబ్బూ."

"ఏమి పూసితే ఏమి. కూర్చోబెట్టింది నలుగుకే కదా."

నేను ఓడిపోయేలా ఉన్నానని చూసి నిపుణురాలి సాక్ష్యం కోరాను. ఇందులో పసుపు ఉందా లేదా నువ్వే చెప్పు అని అభినయను అడిగాను. ఆ పిల్ల నిజాయితీపరురాలు. "లేదు పాట్టీ, ఒక చిటికె కూడా వేయలే" అని అందరికీ వినబడేలా చెప్పింది.

సుబ్బమ్మాళ్ ఆ పిల్ల వైపు జాలిగా చూసింది.

"నువ్వు చిన్నదానివి తల్లీ, నీకు తెలియదు. ఇది రంగు సంగతి కాదు."

చూశారా! ఆ మాట వినడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇంతకాలం తప్పు పసుపుదే అనుకున్నాను. నేను ముడితే అది చెడిపోతుందేమో, దానికి నేనంటే ఏదో భయం ఉందేమో అనుకున్నాను. పాపం, పసుపు! దానికి ఏ పాపమూ తెలియదు. వద్దనుకున్న రోజు దాన్ని కూడా ఒక్క ఫోన్‌తో బయటికి పంపేశారు. బంతిపూలు వెళ్ళిపోయాయి, కుంకం రంగు పట్టుచీరలు వెళ్ళిపోయాయి, కొండలకు తెర పడింది, అరిటాకు బోర్లాపడబోయి తప్పించుకుంది. అన్నీ ఎంత సులువుగా కదిలాయి! కదలనిది ఒక్కటే, నేను కూర్చునే చోటు. అంత జనం ఒకే రంగులో ఉంటే, వాళ్ళలోంచి నన్ను అంత కచ్చితంగా ఎలా ఏరి తీశారో ఆ కంటిచూపుకు దండం పెట్టాలి. ఏ అండర్‌టోన్ చూసి పట్టారో అభినయకు కూడా అంతుపట్టలేదు.

జనని చూసింది. చూడలేదని నాకు నేను చెప్పుకోవాలనుకున్నాను కానీ, చూసింది. బంతిపూలు వద్దని పంపేసిన పిల్ల, పసుపు వద్దని అత్తగారితోనే వాదించిన పిల్ల, నోరు కొంచెం తెరిచింది. తరువాత మూసుకుని కెమెరా వైపు చూసింది. ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు. నవ్వింది. ఫొటో బాగానే వచ్చి ఉంటుంది.

నేను వెనక్కి వచ్చి చివరి వరసలో కూర్చున్నాను. చెయ్యి కడుక్కోమని ఎవరూ అనలేదు. ఎందుకు అంటారు? ముద్ద నా వేళ్ళ మీద ఉన్నట్టు ఎవరికి తెలుసు? ముసలి తోలు, బేజ్ ముద్ద, రెండూ ఒకటే రంగు. పసుపైతే పది అడుగుల దూరం నుంచి పట్టుకునేవాళ్ళు. నేను పిడికిలి బిగించి కొంగు కింద దాచుకున్నాను.

నలుగు అయ్యాక పిల్ల పెద్దలందరికీ దండం పెట్టి మంగళస్నానానికి వెళ్ళాలి. ఆ నీళ్ళు పోసుకున్నాక ఆ పిల్ల సగం అవతలింటి మనిషే అంటారు మా వాళ్ళు. దండం పెట్టించుకోవడానికి నేను పనికివస్తాను. కాళ్ళు ఎవరివైనా పరవాలేదట, చేతులతోనే పేచీ. ఈ ఏర్పాటు ఎవరు చేశారో, మంచి బుర్ర ఉన్నవాళ్ళే అయి ఉంటారు.

జనని వరసగా దండాలు పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి వంగింది. సభ వైపు వీపు, నా వైపు ముఖం. లేవబోతుంటే నేను చెంప నిమిరాను. వెళ్ళిపోయే పిల్ల చెంప నిమరవద్దని ఎవరూ అనలేరు కదా! నా వేళ్ళ ముద్ద ఆ చెంప మీద ఉన్న ముద్దలో కలిసిపోయింది. ఏది ముత్తైదువలు పూసిందో, ఏది నేను పూసిందో ఇక బ్రహ్మ దిగివచ్చినా చెప్పలేడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

ఆ పిల్ల లేవలేదు. తల కొంచెం పక్కకు తిప్పింది.

"అవ్వా, ఈ పక్కకు" అంది. నాకు తప్ప ఎవరికీ వినబడలేదు.

ఆ పక్కకు కూడా పూశాను.

సుబ్బమ్మాళ్ రెండడుగుల దూరంలోనే ఉంది. ఫొటోగ్రాఫర్ ఎదురుగానే ఉన్నాడు. ఒక్కరి కంటా పడలేదు. కాబట్టి నా అనుభవం మీద ఘంటాపథంగా చెబుతున్నాను, దొంగతనానికి బేజ్‌ను మించిన జోడీ లేదు. పెట్టుకోండి, కట్టుకోండి, గోడలకు పూసుకోండి. మీరు ఏం చేసినా ఎవరికీ తెలియదు.

కానీ ఒక మాట. ఇంటికి వచ్చి చెయ్యి కడుక్కుంటుంటే ఆ ముద్ద ఒక్క చెంబు నీళ్ళకే పోయింది. మరక లేదు, వాసన లేదు. నేను పెంచిన పిల్లకు నేను నలుగు పెట్టానని చెప్పడానికి నా చేతి మీద కూడా సాక్ష్యం మిగలలేదు. నా సొత్తును నేనే దొంగిలించి, దొరకనందుకు సంతోషించి, ఆ తరువాత ఎందుకో చాలాసేపు కొళాయి కట్టేయలేదు.

జనని వెళ్ళిపోయింది. ఇప్పుడు శరణ్యకు సంబంధాలు చూస్తున్నారు. మొన్న ఆ పిల్ల ఫోన్ నా ముందు పెట్టి, రంగుల బొమ్మలు చూపించి, నా కల్యాణానికి నువ్వు ఏ రంగు సొల్తావు అవ్వా అని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పసుపు పెట్టించు అన్నాను. అంగడి పొడి కాదు, మంచి కొమ్ము పసుపు, రాయి మీద అరగదీసింది. గోళ్ళలో ఇరుక్కుని వారం దాకా వదలనిది. అభినయ దిండ్లన్నీ పాడైతే పాడవనీ.

ఈసారి నాకు పట్టుబడాలని ఉంది.